సాయం మీది, వరుస మాది: దాతలకు ఉద్దానం నుంచి బహిరంగ లేఖ

అభివృద్ధి సాయం ఇచ్చే దేశాల ప్రతినిధులకు, అంతర్జాతీయ బ్యాంకుల అధికారులకు, ఆ ఒప్పందాల మీద మా తరఫున సంతకాలు చేసే ఢిల్లీ, అమరావతి ఆర్థిక శాఖల పెద్దలకు,

నమస్కారం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి రాస్తున్నాను. పొదుపు సంఘాల యానిమేటర్‌గా చాలాకాలం పనిచేశాను. సంఘం పుస్తకాలు, సమాఖ్య తీర్మానాలు, బ్యాంకు లింకేజీ కాగితాలు రాసి చేయి తిరిగినదాన్నని ఈ లేఖ పని మా వాళ్లు నాకు అప్పగించారు.

సంగతి ఇది. విదేశీ నిధులతో మా ప్రాంతంలో కొన్నేళ్లు నడిచి ముగిసిన ఒక ప్రాజెక్టు గురించి మా సమాఖ్య మహిళలు అర్జీ పెట్టారు. అడిగినవి రెండే. మా మండలంలో ఎంత ఖర్చు చేశారు? ముగింపు నివేదికలో మా గురించి ఏమి రాశారు? రెండూ తెలుగులో చెప్పండి అన్నారు. రసీదు ఇచ్చారు, జవాబు ఇవ్వలేదు. గుర్తుచేస్తూ మళ్లీ రాశాం. ఈలోగా ఆ కార్యాలయం ఖాళీ చేశారు, ఫైళ్లు పై ఆఫీసుకు వెళ్లాయన్నారు. ఆ పై ఆఫీసు ఏ ఊళ్లో ఉందో చెప్పేవారు మాత్రం దొరకలేదు. అందుకే ఇప్పుడు అందరికీ వినబడేటట్టు రాయవలసి వచ్చింది.

మీ సాయం వల్ల మేలేమీ జరగలేదని నేను అనను. నా వయసువాళ్లకు బడిలో కేర్ సంస్థ వారి పసుపుపచ్చ ఉప్మా, పాలపొడి గుర్తుంటాయి. ఆకలి వేళ తిన్న తిండిని వెక్కిరించే అలవాటు మాకు లేదు. 2000లో ప్రపంచ బ్యాంకు రుణంతో 'వెలుగు' అనే పేదరిక నిర్మూలన పథకం మొదలైంది. ఉమ్మడి రాష్ట్రంలో దానికి మొదట ఎంచుకున్న ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం ఉన్నాయి. 11.1 కోట్ల డాలర్ల ఆ రుణంలో డబ్బు కంటే పని చేసే తీరు మాకు ఎక్కువ నచ్చింది. వీధి మధ్య నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం గీశాం. ఏ ఇంట్లో పూట గడవదు, ఏ ఇంట్లో ఒంటరి ఆడమనిషి ఉంది, ఎవరి భూమి తాకట్టులో ఉంది అని ఊరే కూర్చుని తేల్చింది. పెత్తందారు ఒకరు తన పేరూ నిరుపేదల్లో రాయించబోతే ముగ్గు చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు నవ్వారు. ఆ నవ్వుకే ఆయన లేచి వెళ్లిపోయాడు. ఏ సర్వే యంత్రమూ అంత బాగా వడపోయలేదు.

ఆ పద్ధతి తర్వాత్తర్వాత ఎందుకు పలచబడిందో మాకు తెలియదు. మొన్న ముగిసిన ప్రాజెక్టు చివరి రోజుల్లో వచ్చిన బృందం చేతిలో ముగ్గు లేదు, ట్యాబ్ ఉంది. 'ప్రాజెక్టు వల్ల మీ జీవితం ఎంత మెరుగుపడింది? 1 నుంచి 5 లోపు ఒక అంకె చెప్పండి' అని ఒక అమ్మాయి అడిగింది. 'మా ఆయన్ని డయాలసిస్‌కు తీసుకెళ్లడానికి ఆటో డబ్బులు సర్దుకోవాలమ్మా, దానికి ఎంత వేసుకుంటావో వేసుకో' అంది మా సభ్యురాలు. ఆ పిల్ల పాపం కాసేపు తటపటాయించి 3 నొక్కింది. ఆమె తప్పేమీ లేదు. ఆమె చేతిలోని ప్రశ్నావళిలో ఈ జవాబుకు గడి లేదు. ఆ గడి లేకపోవడం గురించే ఈ లేఖ.

1. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుస సాయం అందుకునేవారు నిర్ణయించాలి.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన మాట కాదు. సాయం ఎలా ఇవ్వాలన్న దానిపై 2005లో పారిస్‌లో దాత దేశాలు, సాయం పొందే దేశాలు కలిసి చేసిన ప్రకటనలో మొదటి సూత్రమే ఇది. తమ అభివృద్ధి ప్రాధాన్యాలను సాయం పొందే దేశాలే నిర్ణయించుకోవాలని, దాతలు వాటి వెంట నడవాలని మీరే రాసుకున్నారు. 2008లో ఘనాలోని అక్రాలో, 2011లో దక్షిణ కొరియాలోని బుసాన్‌లో మళ్లీ చెప్పుకున్నారు. మరి మా ఊరికి వచ్చేసరికి జాబితా ముందే అచ్చయి ఎందుకు వస్తోంది?

మా వరుస ఏమిటో చెబుతాను. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో దశాబ్దాలుగా మూత్రపిండాల జబ్బు మనుషుల్ని తినేస్తోంది. దాని మూల కారణం ఇప్పటికీ తేలలేదు. కాబట్టి మొదటిది మంచినీరు, రెండోది వైద్యం, మూడోది కారణం తేల్చే పరిశోధన. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఉద్దానానికి సుమారు 700 కోట్ల రూపాయల తాగునీటి పథకమూ వచ్చింది. డయాలసిస్ రోగికి ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. ఇవన్నీ జనం ఏళ్ల తరబడి పోరాడితే వచ్చినవి. అయినా రోగి వారానికి మూడు రోజులు తెల్లవారుజామున ఇల్లు కదలాలి, యంత్రం మీద నాలుగేసి గంటలు పడుకోవాలి. తోడు వెళ్లిన మనిషికి ఆ రోజు కూలి పోయినట్టే. పరిశోధన పేరుతో రక్తం, మూత్రం, బావి నీరు, పొలం మట్టి పట్టుకెళ్లిన బృందాలు ఎన్నో. ఫలితం కాగితం చేతికి వచ్చిన మనిషిని నేను చూడలేదు.

సముద్రం ఒడ్డున వరుస వేరు. 193 కిలోమీటర్ల తీరం ఉన్న జిల్లాలో పడవ కట్టుకోవడానికి సరైన జెట్టీ లేక, పట్టిన చేపను నిలవ చేసుకునే చోటు లేక మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్‌కు వలస వెళుతున్నారు. 2018 నవంబరులో అక్కడి బోట్ల మీద పనిచేస్తూ పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలైన 20 మంది ఆంధ్ర మత్స్యకారుల్లో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లే. అలాంటి ఊరికి ఒక ప్రాజెక్టు తెచ్చింది కుట్టుమిషన్ల శిక్షణ. మిషన్లు మంచివే. బట్టలు కుట్టించుకునేవాళ్లే ఊళ్లో లేరు, వలస పోయారు.

సాలూరు, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లోకి వెళితే వరుస మళ్లీ మారుతుంది. నిండు గర్భిణిని డోలీలో మోసుకుని దిగే ఊళ్లకు రోడ్డు తర్వాతే మిగతావన్నీ. జిల్లాకొక జాబితా కూడా చాలదని చెప్పడానికే ఇంత వివరం.

కోరేది: ఏ విదేశీ సాయం ప్రాజెక్టుకైనా ఒప్పందానికి ముందే, అది అమలయ్యే గ్రామాల్లో గ్రామసభ పెట్టి ప్రాధాన్యాల వరుస తీర్మానం తీసుకోవాలి. ఆ తీర్మానం ఒప్పందానికి జతపరచాలి. తర్వాత మార్చదలిస్తే మళ్లీ అదే సభకు రావాలి.

2. అప్పును అప్పు అనండి.

పత్రికల్లో 'ఇన్ని కోట్ల విదేశీ సాయం' అని వస్తుంది. విప్పి చూస్తే అందులో ఎక్కువ భాగం రుణం. భారతదేశానికి అతి పెద్ద దాత దేశమైన జపాన్ 1958 నుంచి ఇస్తున్నదీ ప్రధానంగా రుణమే. రుణం తప్పని మేము అనం. సంఘంలో మేమూ అప్పు ఇస్తాం, తీసుకుంటాం. కాని మా సంఘంలో అప్పు ఇచ్చే ముందు వడ్డీ ఎంత, వాయిదాలు ఎన్ని, కట్టలేకపోతే ఏమవుతుంది అని పుస్తకంలో రాసి, చదివి వినిపించి, అప్పుడే వేలిముద్ర వేయిస్తాం.

రాష్ట్రానికి వచ్చే విదేశీ రుణం సంగతి చూడండి. 2005కు ముందు కేంద్రం ఆ డబ్బును రూపాయల్లో, 70 శాతం అప్పుగా, 30 శాతం గ్రాంటుగా రాష్ట్రాలకు ఇచ్చేది. డాలరు పెరిగినా తరిగినా కేంద్రం చూసుకునేది. 12వ ఆర్థిక సంఘం సిఫారసు తర్వాత, 2005 ఏప్రిల్ నుంచి మన వంటి రాష్ట్రాలకు ఆ రుణాన్ని ఉన్నదున్నట్టుగా, విదేశీ షరతులతో సహా బదలాయిస్తున్నారు. మారకం నష్టం కూడా రాష్ట్రానిదే. అప్పట్లో డాలరు సుమారు 44 రూపాయలు. కోటి డాలర్లు తెస్తే చేతికి వచ్చింది 44 కోట్లు. ఇప్పుడు డాలరు 85 దాటింది. వడ్డీ మాట పక్కన పెట్టినా అసలుకే 85 కోట్లకు పైగా కట్టాలి. డాలరు అప్పుకు వడ్డీ తక్కువ కదా అని మా బ్యాంకు మేనేజరు ఒకరు నాతో వాదించారు. నిజమే, తక్కువే. ఆ తక్కువను రూపాయి పతనం ఎంత తినేసిందో ప్రాజెక్టు వారీగా లెక్క కట్టి ఎవరైనా శాసనసభలో పెట్టారా అని నేను తిరిగి అడిగాను. ఆయన టీ తెప్పించారు.

చిన్న దేశాలకు ఇది ఇంకా పెద్ద ముప్పు. ఆరోగ్యానికో విద్యకో పెట్టే ఖర్చు కంటే వడ్డీలకు ఎక్కువ కట్టే దేశాల్లో 300 కోట్ల మందికి పైగా బతుకుతున్నారని ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సంస్థ అంక్టాడ్ లెక్క చెబుతోంది. జాంబియా 2020లో అప్పు కట్టలేక చేతులెత్తేసింది. అప్పులిచ్చినవాళ్లతో బేరం తెమిలేసరికి ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లలో అక్కడి పల్లెలో నర్సు పోస్టు ఖాళీగానే ఉంటుంది, మందుల గది తాళం తీయరు.

కోరేది: తాగునీరు, ప్రాథమిక వైద్యం, బడి, ఈ మూడింటికి ఇచ్చేది గ్రాంటుగానే ఇవ్వండి. రుణమైతే మారకం నష్టంలో ఇచ్చేవారూ భాగం పంచుకోవాలి. పేద రాష్ట్రాల విషయంలో కేంద్రం 2005 పద్ధతిని తిరిగి పరిశీలించాలి. ప్రతి రుణం షరతులూ సంతకానికి ముందు తెలుగులో ప్రకటించాలి.

3. ఇస్తానన్నది ఇవ్వండి. ఆపదలిస్తే ముందే చెప్పండి.

సంపన్న దేశాలు తమ జాతీయాదాయంలో 0.7 శాతం అభివృద్ధి సాయంగా ఇవ్వాలన్న లక్ష్యాన్ని ఐక్యరాజ్యసమితి 1970 అక్టోబరులో పెట్టుకుంది. గడువు ఆ దశాబ్ది మధ్యకల్లా. అప్పుడు పుట్టినవాళ్లకు మనవలు పుట్టారు. 2024లో ఆ గీత దాటినవి నార్వే, లక్సెంబర్గ్, స్వీడన్, డెన్మార్క్. దాత దేశాలన్నిటినీ కలిపి చూస్తే సగటు సుమారు 0.33 శాతం. అందులోనూ తమ దేశానికి వచ్చిన శరణార్థులకు సొంత గడ్డ మీద మొదటి ఏడాది పెట్టే ఖర్చును కూడా అభివృద్ధి సాయం కిందే రాసుకునే వీలుంది. శరణార్థులకు పెట్టవద్దని ఎవరంటారు? అది మా పద్దులో రాయవద్దని అంటున్నాం.

2025లో పరిస్థితి మరీ దిగజారింది. జనవరి 20న అమెరికా విదేశీ సాయాన్ని 90 రోజులు నిలిపివేసింది. జులై 1 నాటికి ఆ సాయాన్ని అందించే యూఎస్ఎయిడ్ సంస్థే మూతపడింది. 2021లో 0.7 నుంచి 0.5కు దిగిన బ్రిటన్ 2027కల్లా 0.3కు దిగుతానంది. హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం 2021లో అమెరికా సాయంతో తెరిచిన క్లినిక్ ఆ జనవరిలోనే తలుపులు మూసింది. రోజూ మాత్ర వేసుకోవలసిన మనిషికి మీ బడ్జెట్ సమీక్ష అయ్యేవరకు జబ్బు ఆగదు. ఆ జూన్ నెలాఖరులోనే స్పెయిన్‌లోని సెవిల్లలో అభివృద్ధి నిధుల మీద ప్రపంచ సదస్సు జరిగింది. అమెరికా అందులోంచి ముందే తప్పుకుంది.

కోరేది: 0.7 శాతానికి ఏ ఏడాదికి చేరతారో ప్రతి దేశం తేదీ వేసి చెప్పాలి. నడుస్తున్న ఆరోగ్య, ఆహార కార్యక్రమాన్ని ఆపాలంటే కనీసం రెండేళ్ల ముందు నోటీసు ఇవ్వాలి.

4. సగటు చూసి వెళ్లిపోకండి.

దేశం తలసరి ఆదాయం పెరిగిందని 2014లో ప్రపంచ బ్యాంకు పేద దేశాలకు తక్కువ వడ్డీకి ఇచ్చే మెతక రుణాల జాబితా నుంచి భారత్ బయటికి వచ్చింది. దేశానికి గౌరవమే. కాని ముంబయి ఆదాయాన్నీ మందస ఆదాయాన్నీ కలిపి భాగిస్తే వచ్చే అంకెతో మందసలో బియ్యం కొనలేం. మన ప్రభుత్వమే 2018లో వెనుకబడిన జిల్లాలను ఎంచినప్పుడు అందులో విజయనగరం ఉంది. అంటే జిల్లా వారీగా చూడడం సాధ్యమే. కటిక పేదరికానికి ప్రపంచ బ్యాంకు గీత 2025 జూన్ నుంచి రోజుకు 3 డాలర్లు. దాని కింద సుమారు 80 కోట్ల మంది ఉన్నారు. గీతకు కాస్త పైన ఉన్న ఇల్లు ఒక తుపానుకు కిందికి వస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తెల్లవారుజామున ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కొబ్బరి చెట్టు మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్ల పాటు ఆ రైతు ఏ గీతకు ఏ వైపున ఉన్నట్టు?

కోరేది: అర్హతను దేశం సగటుతో కాక జిల్లా స్థితితో, విపత్తు ముప్పుతో కలిపి చూడండి.

5. ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో లాక్కోవద్దు.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆంధ్ర తీరంలో రొయ్యల రైతుకు తగిలిన దెబ్బను ఏ సాయమూ పూడ్చదు. సాయం పేరిట మా దేశానికి వచ్చే నిధిలో మీ కన్సల్టెంట్ల జీతాలు, మీ కంపెనీల యంత్రాలు ఎంత శాతమో కూడా విడిగా చూపండి. మా పక్క ఊళ్లో ఒక ప్రాజెక్టు పెట్టిన నీటి శుద్ధి యంత్రం ఫిల్టరు స్థానికంగా దొరకదు. అది పాడైన నాటి నుంచి షెడ్డులో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. గోడ మీది పలక, దాని మీది గుర్తులు మాత్రం చెక్కుచెదరలేదు.

ఈ విషయంలో మన ఢిల్లీ పెద్దలకూ ఒక మాట. భారత్ ఇప్పుడు ఇచ్చే దేశం కూడా. 1964 నుంచి ఐటెక్ పేరుతో ఇతర దేశాల వారికి శిక్షణలు ఇస్తోంది. ఎగుమతి, దిగుమతుల కోసం పెట్టిన ఎగ్జిమ్ బ్యాంకు ద్వారా ఆఫ్రికా దేశాలకు రుణాలిస్తోంది. ఆ రుణాల్లో మామూలుగా 75 శాతం సరుకులు, సేవలు భారత్ నుంచే కొనాలని నిబంధన. పలాస, కాశీబుగ్గల్లో మా ఆడవాళ్లు వలిచే జీడిపిక్కల్లో కొంత పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చినవే. ఆ పిక్క నూనెకు మా వాళ్ల వేళ్లు నల్లబడి చర్మం లేస్తుంది. పిక్కను అక్కడ ఏరే ఆడమనిషి కష్టం ఎలాంటిదో వీళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. మనకు వద్దన్న షరతు ఆమె దేశం మీద పెట్టడం బాగుండదు.

6. లెక్క మాకు, మా భాషలో.

ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ ఉంది. మస్టరు చదువుతారు, తప్పు పేరు వస్తే జనం లేచి నిలదీస్తారు. కోట్ల రూపాయల విదేశీ ప్రాజెక్టుకు ఆ పాటి తనిఖీ ఎందుకు లేదు? మీ మూల్యాంకన నివేదికలు ఇంగ్లీషులో, వెబ్‌సైట్లలో ఉన్నాయంటారు. మా సభ్యుల్లో చాలామంది సంతకం నేర్చుకున్నదే సంఘంలో చేరాక. సంఘాలకు రుణం పేరుతో ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు ఇంటింటికీ వచ్చి చివరికి 2010 అక్టోబరులో రాష్ట్రం ఆర్డినెన్సు తేవలసి వచ్చిన రోజుల్లో, కాగితం చదవలేకపోవడం ఎంత ఖరీదైనదో ఇక్కడ అందరూ చూశారు.

కోరేది: ప్రాజెక్టు నడుస్తున్నప్పుడు ఏడాదికొకసారి, ముగిశాక ఒకసారి, మండలం వారీ ఖర్చును తెలుగులో అచ్చువేసి గ్రామసభలో చదవాలి. మా నుంచి తీసుకున్న నమూనాల ఫలితాలు మాకు ఇవ్వాలి. ప్రాజెక్టు కార్యాలయం మూసేసినా ఐదేళ్ల పాటు జవాబు చెప్పే అధికారి ఒకరుండాలి. ఆయన పేరు, చిరునామా పంచాయతీ గోడ మీద ఉండాలి.

పెండింగులో ఉన్న మా అర్జీకి ఈ పెద్ద మార్పులేవీ అవసరం లేదు. ఒక మండలం, ఒక ప్రాజెక్టు, రెండు ప్రశ్నలు. ఒక గుమాస్తా ఒక పూట కూర్చుంటే తేలే పని. మా మండల సమాఖ్య సమావేశం ప్రతి నెలా జరుగుతుంది. జవాబు వస్తే అందులో చదివి తీర్మానంలో రాస్తాం. రాకపోతే రాలేదనీ తీర్మానంలోనే రాసి, ప్రతిని కొత్త ప్రాజెక్టు ప్రతిపాదనతో వచ్చే బృందానికి మొదటి రోజే అందజేస్తాం. దాని మీద సంతకం చేశాకే మిగతా మాటలు.

ఇట్లు,
ఉద్దానం పొదుపు సంఘాల మహిళల తరఫున,
ఒక మాజీ యానిమేటర్

ప్రతులు: శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల కలెక్టర్లకు, ఈ జిల్లాల శాసనసభ, లోక్‌సభ సభ్యులకు, పత్రికలకు.